ఫ్యూజు కాలని ల్యాబు

వర్చువల్ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ రాశామని ఎవరైనా డెమోకి పిలిస్తే నేను చేసే మొదటి పని ఒకటే. అమ్మీటరు తీసుకెళ్ళి తిన్నగా పవర్ సప్లయి రెండు కొసలకీ తగిలిస్తా. నిజం ల్యాబులో అయితే ఫ్యూజు ఠప్పున పోతుంది, ల్యాబ్ అసిస్టెంటు చేత అక్షింతలు పడతాయి. వీటిల్లో? "రాంగ్ కనెక్షన్" అని ఎర్రక్షరాల డబ్బా ఒకటి వస్తుంది. ఓకే నొక్కితే వైరు బుద్ధిగా పాత చోటికెళ్ళి కూచుంటుంది. కొన్నిట్లో అయితే అసలు వైరు అక్కడ అతుక్కోదు. దీన్ని పట్టుకుని ల్యాబు అంటున్నారండీ!

మన కాలేజీల సంగతి మీకు చెప్పక్కర్లేదు. రీడింగులు తీసేవాళ్ళు తక్కువ, వండేవాళ్ళు ఎక్కువ. సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని, మోడల్ గ్రాఫు నుంచి వెనక్కి లెక్కలేసుకుంటూ రావడం :) నా గొడవల్లా ఏంటంటే, నేను చూసిన వర్చువల్ ల్యాబుల్లో చాలావాటికి ఆ వంటని ఆటోమేట్ చేయడం తప్ప వేరే పని లేదు. వెనకాల ఫార్ములా, ముందు సీఆర్వో బొమ్మ, మధ్యలో తిప్పుకోడానికి ఒక నాబ్.

ఉదాహరణకి ఆర్‌సీ లోపాస్ ఫిల్టరు తీసుకోండి. 1 కిలో ఓమ్, 0.1 మైక్రోఫారడ్. కటాఫ్ 1592 హెర్ట్జ్ అని క్లాసులో అరవై మందికీ వస్తుంది. కానీ 5 శాతం రెసిస్టరు, 10 శాతం కెపాసిటరు పెట్టి నిజంగా కడితే 1378 నుంచి 1861 దాకా ఎక్కడైనా రావచ్చు. ఎందుకు తేడా వచ్చిందో ఆలోచించడమే కదా ప్రయోగం అంటే?

ఇంకోటి. రెండు 1 మెగా ఓమ్ రెసిస్టర్లు సిరీస్‌లో పెట్టి 10 వోల్టులివ్వండి. మధ్యలో 5 ఉండాలి. 10 మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉన్న మల్టీమీటరు పెడితే 4.76 చూపిస్తుంది. 1 మెగా ఓమ్ స్కోపు నేరుగా పెడితే 3.33! కొలిచే పరికరం కూడా సర్క్యూట్లో భాగమేనని తెలిసేది అక్కడే. వర్చువల్ స్కోపు మాత్రం నిక్కచ్చిగా 5.00 చూపించి, పిల్లలకి అబద్ధం చెబుతుంది.

"పరికరాలు కొనలేని కాలేజీలకి ఇదైనా ఉందిగా" అంటారు. సిమ్యులేషన్ని నేను తక్కువ చేయట్లేదు. బర్క్‌లీలో 1973లో వచ్చిన స్పైస్ వారసుల్తోనే ఇప్పటికీ చిప్పులు డిజైన్ చేస్తున్నారు. కానీ స్పైస్ తను సిమ్యులేటర్నని ఒప్పుకుంటుంది, ల్యాబునని చెప్పుకోదు. ఎం.ఐ.టి. వాళ్ళు 1998లో వెబ్‌ల్యాబ్ పెట్టినప్పుడు అవతలి కొసన నిజం ట్రాన్సిస్టరూ, నిజం పరికరమూ ఉన్నాయి. మన దగ్గర కూడా 2009లో మొదలైన జాతీయ మిషన్ కింద ఐఐటీలు, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటివి కలిసి ఉచితంగా వర్చువల్ ల్యాబ్స్ పెట్టాయి. మంచి పనే. ఆ రోజుల్లో ఇలాంటివి ఎక్కువగా ఫ్లాష్‌లోనూ జావా ఆప్లెట్లలోనూ రాసేవాళ్ళు. 2020 చివర్లో అడోబ్ ఫ్లాష్ దుకాణం కట్టేసింది, అందరూ జావాస్క్రిప్టుకి మారాల్సొచ్చింది. (మన ఇండస్ట్రీలో ఏదైనా తిరగరాయాలంటే ఎవడో ఒకడు దుకాణం కట్టెయ్యాల్సిందే.) తిరగరాసేటప్పుడైనా బొమ్మల అందం పక్కన పెట్టి మోడల్ సంగతి చూసుకోవాల్సింది.

చేయడం పెద్ద కష్టమా? రోల్ నంబరు సీడ్‌గా ఇచ్చి, ఒక్కో స్టూడెంటు రెసిస్టరుకీ కెపాసిటరుకీ టాలరెన్సు లోపల ఒక్కో విలువ ఇవ్వండి. రేపొచ్చినా వాడికి అదే రెసిస్టరు, లెక్చరరు సరిచూసుకోవచ్చు. పక్కవాడి రీడింగులు దింపితే వెంటనే దొరికిపోతాడు. స్కోపుకి ఇన్‌పుట్ ఇంపెడెన్సు పెట్టండి. నలుగురిలో ఒకడి బ్రెడ్‌బోర్డులో ఒక కాంటాక్టు వదులుగా ఉంచండి, చెప్పకుండా. అది వెతికి పట్టుకున్నవాడికి మార్కులివ్వండి. అమ్మీటరు తప్పుగా పెడితే ఫ్యూజు పోనివ్వండి, కొత్తది వేసేదాకా రీడింగు సున్నా.

ఇదంతా చెబితే మొన్నటి డెమోలో వచ్చిన జవాబు: "సార్, కాలేజీ వాళ్ళు ఎన్ని ఎక్స్‌పరిమెంట్లున్నాయనే అడుగుతారు." నిజమే, అడిగేవాళ్ళు అదే అడుగుతారు. మరి రాసేవాళ్ళం ఇంజనీర్లమే కదా, మన నోట్లో నాలుక లేదా?