చిక్కుడు కుటుంబమును కాపాడవలసినది ఎవరు?

మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతముల రైతులకు కంది, పెసర, మినుము, ఉలవ, బొబ్బెర, అనుము తరతరములుగా తెలిసిన పంటలే. అయినను ఇవియు, గట్టుమీది వెంపలి, తంగేడులును, చేని అంచునందలి కానుగ, చింత, జమ్మి, మోదుగలును ఒకే కుటుంబమునకు చెందినవని ఎరిగినవారు తక్కువ. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని చిక్కుడు కుటుంబమందురు. పూచెడి మొక్కలలో జాతుల సంఖ్యనుబట్టి లోకమున ఇది మూడవ పెద్ద కుటుంబము. ఇందు సుమారు 20,000 జాతులు కలవు. తెలంగాణ రాష్ట్రమునకు పుష్పమైన తంగేడును, వృక్షమైన జమ్మియు ఈ కుటుంబములోనివే.

దీని ఉపయోగములు పప్పుతో ముగియవు. తంగేడు బతుకమ్మకు పువ్వునిచ్చును. దాని పట్ట తోలును పదును చేయుటకు పనికివచ్చును. కానుగ రొట్ట మడికి ఎరువగును, గింజ నూనెనిచ్చును. మోదుగ ఆకు విస్తరి యగును. జనుము, జీలుగు, పిల్లిపెసర భూమిలో కలియదున్నిన బలమిచ్చును; పిల్లిపెసర పశువులకు మంచి మేత కూడను. కంది పొట్టు, ఉలవ పొట్టు పారవేయు రైతు ఎచ్చటనైనను కలడా?

కంది వేసిన చేను మరుసటి పంటకు మేలు చేయునని మన పెద్దలు అనుభవముచేత గ్రహించిరి. దాని కారణమును 1886లో హెల్రీగెల్, విల్ఫార్త్ అను జర్మను శాస్త్రజ్ఞులు ప్రయోగములతో నిరూపించిరి. ఈ మొక్కల వేళ్లమీది బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించును. 1888లో హాలెండు దేశస్థుడైన బైయెరింక్ ఆ సూక్ష్మజీవులను వేరుపరచి పెంచెను. దీనిని ప్రతి రైతును స్వయముగా పరీక్షింపవచ్చును. పూతకు ముందు ఒక మొక్కను మట్టితోకూడ మెల్లగా పెల్లగించి, వేరు కడిగి, బుడిపెను గోటితో చీల్చి చూడవలెను. లోపల గులాబి రంగున్నచో అది పనిచేయుచున్నది. తెల్లగానో పచ్చగానో యుండిన పనిచేయుట లేదు. అట్టి చేనికి మరుసటి యేడు విత్తనమునకు రైజోబియం పట్టించుట మంచిది.

ఇక అసలు విషయము. మనకు నైరుతి దిక్కున పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ, ఇక్రిశాట్, కలదు. అచ్చటి విత్తన నిధిలో కందియే 13,000కు మించిన నమూనాలుగా భద్రపరుపబడినది. ఇన్ని ఏలయని అడుగువారికి ఎండు తెగులే సమాధానము. నేలనుండి వేరుకు సోకి చేనికి చేనే ఎండగొట్టు ఈ తెగులును తట్టుకొను మారుతి అను కంది రకము మహారాష్ట్రమునందలి ఒక నాటు కందినుండి ఏరబడినది. ఆ నాటు విత్తనమును విడువక విత్తుకొనుచు వచ్చిన రైతులే లేకున్న శాస్త్రజ్ఞునికి ఏరుటకు ఏమియు మిగిలియుండదు. మన రాష్ట్రములోని తాండూరు కంది 2022లో భౌగోళిక గుర్తింపును పొందినది. నేలకును విత్తనముకును గల సంబంధమునకు విలువ కట్టవచ్చునని అది చాటుచున్నది.

పటాన్‌చెరువులో భద్రముగానుండగా మనకేల శ్రమయని కొందరనవచ్చును. ఆ సంస్థకు ఈ కుటుంబములో ముఖ్యమైన పంటలు సెనగ, కంది, వేరుసెనగ. మన ఉలవ, అనుము, పిల్లిపెసర వానిలో చేరవు. జాతీయ వృక్ష జన్యువనరుల సంస్థ ఇతర పంటలను కూడ సేకరించుచున్నది, నిజమే. కాని శీతల గదిలోని గింజ నిద్రించును; చేనిలోని గింజ ఏటేట ఎండకును వానకును అలవాటుపడును. ఏ ఉలవ ఏ చలక నేలకు తగునో, ఏ అనుము ముందుగా కాపునకు వచ్చునో, ఆ తెలివి గదిలో నిలువయుండదు. విత్తువారి నోటనే యుండును.

ఆ నోళ్లు తగ్గుచున్నవి. చలకలు ప్లాట్లగుచున్నవి. గట్టు చదునైన దినముననే దానిమీది వెంపలియు పోవును. జన్యువు పేరు ధరించిన జీనోమ్ వ్యాలీ శామీర్‌పేట చెంతనే వెలసినది. మన కుండలలోని జన్యువుల లెక్క మాత్రము మనయొద్ద లేదు.

కావున నా అభిప్రాయమున ఈ పని సహకార సంఘములదే. రైతు ఒంటరిగా చేయలేడు. ప్రభుత్వము ఇంటింటి కుండను చూడలేదు.

మొదటిది, ప్రతి సంఘమును ఒక పుస్తకమునుంచి, సభ్యులయొద్దగల నాటు రకములను, గట్లమీది మొక్కలను, వాని వాడుకలను వ్రాయింపవలెను. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము స్థానిక సంస్థలయందు కమిటీలుండి ఇట్టి పట్టికలు సిద్ధముచేయవలెను; మన పుస్తకము వానికి ఆధారమగును.

రెండవది, గోదాములో ఒక మూల విత్తనమునకు కేటాయింపవలెను. తీసికొన్న సభ్యుడు పంట వచ్చిన పిదప కొంత హెచ్చుగా కొలిచి మరల ఇయ్యవలెను. పెసర, మినుము, ఉలవలు తమంతట తామే ఫలదీకరణము చెందునవి గావున రకము సులభముగా నిలుచును. కందిని తేనెటీగలు కలుపును. అందుచేత విత్తనపు కందిని ఇతర కందులకు దూరముగా వేయవలెను. గింజను బాగుగా ఎండించి బూడిద కలిపి మూతవేసిన పుచ్చు తగ్గును.

మూడవది, హక్కు. 2001 నాటి వృక్షరకముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము రైతు తన విత్తనమును దాచుకొనుటకు, విత్తుటకు, మార్చుకొనుటకు హక్కునిచ్చినది. తమ రకమును రైతులే నమోదు చేయించుకొనవచ్చును. కాని పేరు, లక్షణములు, చరిత్ర వ్రాతమూలకముగా లేనిచో నమోదుకై నిలుచుట కష్టము.

ఈ మూటికిని పెద్ద మూలధనము అక్కరలేదు. ఒక పుస్తకము, కొన్ని డబ్బాలు, బాధ్యత వహించు ఇద్దరు సభ్యులు చాలును. అప్పు ఇచ్చుటకు పుట్టిన సంఘము విత్తనమునుకూడ అప్పుగా ఇచ్చుట క్రొత్త పని కాదు. పోయిన పైకమును మరల సంపాదింపవచ్చును; పోయిన రకమును ఏ బ్యాంకును అప్పు ఇయ్యజాలదు. రాబోవు సర్వసభ్య సమావేశమునకు వచ్చునప్పుడు ప్రతి సభ్యుడును తన ఇంటిలోని నాటు గింజలను గుప్పెడు చొప్పున పేరుతోకూడ తెచ్చిన, మొదటి పుట ఆనాడే నిండును.