బడి భోజనంలో పెరుగు

2013లో అమెరికా వ్యవసాయ శాఖ న్యూయార్క్‌తో సహా నాలుగు రాష్ట్రాల బడుల్లో గ్రీక్ యోగర్ట్‌ను ప్రయోగాత్మకంగా వడ్డించింది. మన బడుల్లోనూ పెట్టాలనేవారు కొందరు, విదేశీ తిండి మనకెందుకనేవారు కొందరు. ఇరువర్గాలూ పేరును చూసే వాదిస్తున్నాయి. పెరుగును పలుచని గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తే, నీరు జారిపోగా మిగిలేదే అది. 100 గ్రాముల మామూలు పెరుగులో 3, 4 గ్రాముల మాంసకృత్తులుంటే ఇందులో 9, 10 గ్రాములుంటాయి. అందుకు పాలూ రెండు మూడింతలు కావాలి మరి!

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బడులకు ఆ ఖర్చు అనవసరం. డొక్కా సీతమ్మ పేరిట పెడుతున్న మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంది. ఒక్క గుడ్డులోనే దాదాపు 6 గ్రాముల మాంసకృత్తులున్నాయి. గుడ్డు తినని పిల్లలకు గిన్నెడు గడ్డపెరుగు పెట్టాలని నేనూ కోరుతాను. గుడ్డు మాన్పించి అందరికీ పెరుగే పెట్టమంటే మాత్రం ఒప్పుకోను. పెరుగుతో రక్తహీనత తీరుతుందనుకోవడమూ పొరపాటే. అందులో ఇనుము లేనట్టే లెక్క. పైగా దానిలోని కాల్షియం, అదే పూట తిన్న ఇనుము ఒంటబట్టడాన్ని కొంత తగ్గిస్తుంది. పాలిపోయిన ఆడపిల్లలకు ముందు కావలసినవి ఆకుకూర, పప్పు, వాటిపై పిండే నిమ్మరసం, వైద్యులు సూచిస్తే ఐరన్ మాత్రలు.

ఇక నిల్వ సంగతి. ఒంటిపూట బడుల నాటి ఎండలకు రాత్రి తోడువేసిన పెరుగు మధ్యాహ్నానికి పులిసిపోతుంది. పులిసినంత మాత్రాన హాని లేదు. పిల్లలు ముట్టరు, అంతే. హానిచేసేవి సరిగా కాచని పాలు, కడగని గిన్నెలు. పాలు కాచేందుకు గ్యాసు, మూతగల స్టీలు క్యాను, అదనపు పనికి అదనపు కూలి వంటచేసే అక్కలకు ఇవ్వకుండా ఉత్తర్వు మాత్రమే ఇస్తే, ఆ పెరుగు నీళ్లమజ్జిగై పిల్లల పళ్లేల్లోకి వస్తుంది.