గర్భసంచి కంటే ముందు గొంతు సంగతి చూడాలి

శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో గుణుపురం నుంచి నౌపడా వైపు వెళ్లే బండి ఎక్కి నౌపడాలో దిగితే, అది ఉప్పు మడులున్న ఊరు. ఎండకు తెల్లగా మెరిసే ఉప్పు కుప్పలు ఈ ప్రాంతం వాళ్లకు కొత్త కాదు. అయితే ఆ ఉప్పుకీ గొంతులో ఉండే థైరాయిడ్ గ్రంథికీ ఉన్న సంబంధాన్ని ఈ దేశంలో రుజువు చేసి చూపించినాయన సిక్కోలు బిడ్డేనని ఎందరికి తెలుసు? డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివారు. ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో ఊళ్లకు ఊళ్లే గళగండంతో మెడలు వాచి ఉన్న రోజుల్లో, 1956లో అక్కడ అధ్యయనం మొదలుపెట్టారు. లోయను మూడు భాగాలు చేసి, కొన్నిచోట్ల అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకచోట మామూలు ఉప్పు పంచారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట మెడ వాపులు తగ్గుముఖం పట్టాయి. 1962లో కేంద్రం జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది.

ఆ జబ్బుకు ఒక సుగుణం ఉండేది. దారిన పోయేవాడికి కూడా కనిపించేది.

ఇప్పటిది అలా కాదు. నేడు ఎక్కువగా కనిపించేది హషిమోటో రకం థైరాయిడ్ జబ్బు. 1912లో దీన్ని మొదట వర్ణించిన జపాన్ వైద్యుడి పేరే దీనికి పెట్టారు. ఒంట్లోని రోగనిరోధక శక్తి తన గ్రంథినే శత్రువనుకుని ఏళ్ల తరబడి కొరుక్కుతింటుంది. చాలామందిలో మెడ మామూలుగానే ఉంటుంది. హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో అయిదు వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి దాదాపు 11 మందికి థైరాయిడ్ మందగించినట్టు తేలింది. మగవాళ్లలో అది 5 శాతమైతే ఆడవాళ్లలో 16 శాతానికి దగ్గర. జబ్బున్నవారిలో మూడో వంతు మందికి పరీక్ష చేసేదాకా ఆ సంగతే తెలియదు. అది నగరాల లెక్క. ల్యాబు గుమ్మం ఎక్కని మెట్ట పల్లెల్లో తెలియనివారి వంతు ఎంతుంటుందో ఊహించడం కష్టం కాదు.

మెడలో కనిపించకపోతే మరెక్కడ కనిపిస్తుంది? ఇంట్లోనే, రోజూ కళ్లెదుటే. పొద్దున చోడంబలి కలిపేసరికే ఒళ్లు బరువెక్కుతుంది. పోయిన సంక్రాంతికి వదులుగా ఉన్న గాజులు ఇప్పుడు సబ్బు రాస్తే గానీ రావు. ఇంట్లో అందరూ ఫ్యాను కింద చేరితే ఆవిడొక్కతే దుప్పటి లాక్కుంటుంది. దువ్వెన నిండా జుట్టు. పలుచబడిన కనుబొమలు, పగిలిన చర్మం, వారానికి రెండుసార్లయినా సరిగా జరగని విరేచనం. ఫోన్లో కూతురు ‘జలుబు చేసిందా అమ్మా, గొంతు బొంగురుపోయింది’ అంటుంది. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండదు. అడిగితే ‘ఏటోనమ్మా, ఒకటే నీరసం’ అంటుంది. ఇల్లంతా కలిసి దానికి వయసనో, కాన్పు తర్వాతి మార్పనో, మరీ కటువైన ఇళ్లలో బద్ధకమనో పేరు పెట్టేస్తుంది. ఆ నీరసానికి వైద్యంలో వేరే పేరుందని ఎవరికీ తోచదు.

అసలు నష్టం ఇక్కడి నుంచే మొదలవుతుంది. థైరాయిడ్ మందగిస్తే అండం సక్రమంగా విడుదల కాదు, గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగి, నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంది. రక్తం పోతే రక్తహీనత. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58 మందికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాబట్టి నీరసమని వచ్చిన మనిషికి ఐరన్ మాత్రలు ఇవ్వడంలో తప్పేమీ లేదు. ఆర్నెల్లు మింగినా రక్తం పట్టకపోతే, బట్టలు తడిసిపోతూనే ఉంటే, అప్పుడు థైరాయిడ్ గురించి వేయాల్సిన రెండో ప్రశ్న వేయకపోవడమే తప్పు. ఆ ప్రశ్న రాని చోట చాలాసార్లు కత్తి వస్తుంది.

2015-16 నాటి కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురు, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. మరే రాష్ట్రంలోనూ అంత లేదు. దేశం మొత్తమ్మీద వారిలో సగానికి పైగా చెప్పిన కారణం నెలసరిలో అధిక రక్తస్రావం లేదా నొప్పి. ఆపరేషన్ అయ్యేనాటికి సగం మందికి 34 ఏళ్లు దాటలేదు. గడ్డలకు, క్యాన్సర్‌కు ఆ ఆపరేషన్ ప్రాణం నిలిపే మాట నిజమే. కానీ ‘పిల్లలు పుట్టేశారు, ఇంకా ఆ సంచెందుకు’ అన్న ఊరిమాట మీద జరిగేవీ తక్కువేం కాదు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. రక్తస్రావానికి మూలం థైరాయిడే అయితే, సంచి తీసేశాక రక్తం ఆగుతుంది గానీ నీరసం మాత్రం అలాగే ఉండిపోతుంది. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్లకే మెనోపాజ్ వచ్చి ఎముకలు గుల్లబారతాయి.

కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చాలు. ఇందులో ఒక తిరకాసుంది. అంకె పెరిగితే గ్రంథి బాగా పనిచేస్తోందని చాలామంది అనుకుంటారు. నిజం దానికి తలకిందులు. మొరాయించే ఎద్దును రైతు మరింత గట్టిగా అదిలించినట్టు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి మందగించిన థైరాయిడ్‌ను అదిలించే కేకే టీఎస్‌హెచ్. ఎద్దు ఎంత మొరాయిస్తే కేక అంత పెద్దది.

ఎద్దు తాడు తెంపుకుని పరుగెత్తినట్టు థైరాయిడ్ అతిగా పనిచేసే రకమూ ఉంది. ఆకలి బాగానే ఉన్నా మనిషి చిక్కిపోవడం, గుండె దడ, చేతుల వణుకు, చెమటలు. దీన్ని ‘బెంగ పెట్టుకుంది’ అని కొట్టేస్తారు. ఇక పెళ్లికాని పిల్లల విషయంలో మెడ మరోలా మాట్లాడుతుంది. మెడ వెనక మడతల్లో నలుపు కనిపిస్తే మురికనుకుని తల్లులు పీచు పెట్టి రుద్దుతుంటారు. అది రుద్దితే పోయేది కాదు. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి తరచుగా అదే గుర్తు. దానితో పాటు రెండు మూడు నెలలకోసారి వచ్చే నెలసరి, గడ్డం కింద వెంట్రుకలు, తగ్గని మొటిమలు ఉంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్యను అనుమానించాలి. పిల్లలు కనే వయసులో ఉన్నవారిలో నూటికి 8 నుంచి 13 మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అంచనా వేసింది.

ప్రతి నీరసమూ థైరాయిడ్ కాదన్నది కూడా చెప్పుకోవాలి. టీఎస్‌హెచ్ అంకె కొద్దిగా పెరిగిన అందరికీ మాత్ర అవసరం లేదు, అది డాక్టరు తేల్చాలి. యూట్యూబ్‌లో క్యాబేజీని నిషేధించేవాళ్ల దగ్గరా, అయోడిన్ పొడులు అమ్మేవాళ్ల దగ్గరా ఈ జబ్బుకు జవాబు లేదు. హషిమోటో ఉన్నవారికి అతి అయోడిన్ కీడే చేస్తుంది.

నిజమైన మందు ఆలోచన 130 ఏళ్లకు పైబడినది. 1891లో ఇంగ్లండ్ డాక్టర్ జార్జ్ ముర్రే 46 ఏళ్ల మహిళకు గొర్రె థైరాయిడ్ రసం ఎక్కించారు. ఆమె ఇంకో 28 ఏళ్లు బతికింది. ఇప్పుడు గొర్రెలతో పని లేదు, రోజుకో చిన్న మాత్ర చాలు. పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, టీ అయినా టిఫినైనా అరగంట, గంట ఆగాకే. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి. లేకుంటే మందు ఒంటికి పట్టదు. మూడూ ఒకే గుక్కలో మింగే గర్భిణులకు ఈ మాట చెప్పేవాళ్లు కావాలి.

ముప్పున్న గర్భిణులకు థైరాయిడ్ పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2014లోనే మార్గదర్శకాలిచ్చింది. అవి గర్భం దగ్గరే ఆగిపోకూడదు. పాతపట్నం లాంటి చోట్ల ప్రభుత్వాసుపత్రికి అధిక రక్తస్రావంతో, తగ్గని రక్తహీనతతో వచ్చే ప్రతి మహిళకూ ఈ పరీక్ష ఉచితంగా, అక్కడే జరగాలి. దీనికోసం ఆమె పర్లాకిమిడి ఆటో ఎక్కాల్సిన, శ్రీకాకుళం బస్సు పట్టాల్సిన పని ఉండకూడదు. ఈలోగా ఇంట్లో ఎవరికైనా గర్భసంచి తీయాలని తేదీ ఇస్తే, ఆ చీటీ మీద టీఎస్‌హెచ్ అని రాసి ఉందేమో చూడండి. లేకపోతే రాయమని అడగండి.