రక్తానికి కులం లేదు, విచారణకు ఉంది



ఈ సిరీస్‌లో ఇప్పటిదాకా హాస్టళ్లు, స్కాలర్‌షిప్పుల గురించి రాస్తూ వచ్చాను. ఈసారి ఆస్పత్రి గురించి. సూటిగా చెప్పాలంటే, ఆస్పత్రిలో మన మనిషి పోయాక వేసే కమిటీ గురించి.

తెలుగు లెక్చరర్ని కాబట్టి మాట దగ్గరే మొదలుపెడతాను. విచారం, విచారణ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. మన వాడుకలో ఒకటి బాధపడటం, ఇంకొకటి ఆరా తీయటం. మన ప్రభుత్వాలు మొదటిది ప్రెస్‌మీట్‌లో వ్యక్తం చేసి, రెండోది కూడా అయిపోయిందనిపిస్తాయి.

నాంపల్లిలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2019 మార్చిలో అక్కడి అర్బన్ ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో పసిపిల్లలకు టీకాలు వేశారు. జ్వరం వస్తే వేయమని తల్లుల చేతికి మాత్రలు ఇచ్చారు. ఇవ్వాల్సింది పారాసెటమాల్. ఇచ్చింది ట్రమడాల్, పెద్దవాళ్లకు తీవ్రమైన నొప్పికి వాడే మందు. ఇద్దరు పసివాళ్లు చనిపోయారు. పదుల సంఖ్యలో పిల్లల్ని నిలోఫర్‌కు మోసుకెళ్లారు. ఆ మాత్ర ఆ కౌంటర్ దాకా ఎలా వచ్చింది? స్టోర్‌లో ఎవరు చూడాలి? ఎందుకు చూడలేదు? ఆ తల్లుల్ని కూర్చోబెట్టి, వాళ్ల ముందు అధికారుల్ని నిలబెట్టి ఈ ప్రశ్నలు అడిగిన బహిరంగ విచారణ ఒక్కటీ జరగలేదు.

మూడేళ్లకు ఇబ్రహీంపట్నం. 2022 ఆగస్టు 25న ప్రభుత్వ ఆస్పత్రిలో క్యాంపు పెట్టి 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఇన్‌ఫెక్షన్‌తో నలుగురు చనిపోయారు. అసలు ఆ క్యాంపే ఉండకూడదు. ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్‌లో 2014లో ఇలాంటి క్యాంపుల్లోనే 13 మంది ఆడవాళ్లు చనిపోయారు. ఆ తర్వాత 2016 సెప్టెంబర్‌లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఈ క్యాంపుల్ని మూడేళ్లలో ఆపేయమంది. గడువు 2019తో తీరింది. గడువు తీరిన మూడేళ్లకు మన ఆడవాళ్లను మళ్లీ వరసలో పడుకోబెట్టారు.

విచారణ ఎవరు చేశారు? ప్రజారోగ్య శాఖ డైరెక్టరే. ఆయన శాఖ నడిపిన క్యాంపు మీద ఆయనే విచారణాధికారి. సస్పెన్షన్లు, బదిలీలు జరిగాయి. కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. ఎక్స్‌గ్రేషియా లాటిన్ మాట, దయతో ఇచ్చేది అని అర్థం. అంటే నీకు హక్కు లేదు, మేమే జాలిపడ్డాం అని. ప్రాణం పోయిన ఇంటికి పంపే కాగితం మీద మొదటి మాటే అది.

ఇక రక్తం. రక్తం ఎక్కించుకోవడం వల్ల హెచ్ఐవీ సోకిందని చెప్పిన వాళ్లు దేశంలో ఎంతమందని సమాచార హక్కు చట్టం కింద అడిగితే, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఇచ్చిన లెక్క 2,234. అది 2014 అక్టోబర్ నుంచి 2016 మార్చి దాకా మాత్రమే. అదీ కౌన్సెలింగ్‌లో బాధితులు నోరు తెరిచి చెప్పుకున్న లెక్క. మరి ఏ రక్తనిధి? ఏ సీసా? ఏ పరీక్ష తప్పింది? అదంతా చీకటి.

పరీక్షలు లేక కాదు. దానం చేసిన ప్రతి యూనిట్‌కూ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. అయితే వైరస్ ఒంట్లో చేరిన కొత్తలో మామూలు పరీక్షకు దొరకదు. న్యాట్ అనే పరీక్ష ఆ గుడ్డి రోజుల్ని బాగా తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. దాన్ని దేశమంతా తప్పనిసరి చేయలేదు. తలసేమియా పిల్లాడికి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కాలి. అంటే ఏడాదికి ఇరవై సార్లు ఆ పిల్లాడు అదృష్టం మీద బతకాలి.

బ్రిటన్‌లో 1970ల నుంచి 1991 దాకా కలుషిత రక్తం, రక్త ఉత్పత్తుల వల్ల 30 వేల మందికి పైగా హెచ్ఐవీ, హెపటైటిస్ సోకాయి. దాదాపు 3 వేల మంది చనిపోయారు. రక్తం గడ్డకట్టని జబ్బున్న పిల్లలకు ఇచ్చిన మందులో అమెరికా జైలు ఖైదీల దగ్గర కొన్న ప్లాస్మా కూడా కలిసింది. అక్కడి ప్రభుత్వమూ ఊరికే ఒప్పుకోలేదు. బాధితులు దశాబ్దాలు కొట్లాడితే 2017లో విచారణ ప్రకటించారు. జడ్జి బ్రియాన్ లాంగ్‌స్టాఫ్ ముందు బాధితులు బహిరంగంగా సాక్ష్యం చెప్పారు. మాజీ మంత్రులు వచ్చి జవాబు చెప్పారు. 2024 మే 20న నివేదిక వచ్చింది. ఇది ప్రమాదం కాదని, నిజాన్ని దాచారని, పత్రాలు ధ్వంసం చేశారని తేల్చింది. ఇప్పుడు వాళ్లకు పరిహారం చట్టం ఇచ్చిన హక్కు.

"కమిషన్లు వేస్తే ఏం ఒరిగింది అన్నా?" అని కొందరు తమ్ముళ్లు అడుగుతారు. 1986లో బొంబాయి జేజే ఆస్పత్రిలో కల్తీ గ్లిసరాల్‌తో 14 మంది చనిపోయారు. జస్టిస్ లెంటిన్ కమిషన్ బహిరంగంగా విచారించింది. 1988లో నివేదిక వచ్చాక ఆరోగ్యమంత్రి రాజీనామా చేయాల్సి వచ్చింది. శాఖ కమిటీ వేస్తే పోయేది మహా అయితే నర్సు ఉద్యోగం, ఫార్మసిస్టు ఉద్యోగం. వాళ్లలోనూ మనవాళ్లే ఎక్కువ. చచ్చేదీ మనమే, శిక్ష పడేదీ మనకే. సంతకాలు పెట్టిన పై కుర్చీ మాత్రం మైలపడదు. కులం అంటే ఇదే కదా!

తేడా చట్టంలోనే ఉంది. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద సభ వేయమన్న కమిషన్ నివేదికను, ఏం చర్య తీసుకున్నారో చెప్పే పత్రంతో కలిపి ఆరు నెలల్లో సభ ముందు పెట్టాలి. శాఖ కమిటీకి ఆ బాధ్యత లేదు. అందుకే మన చావులకు ఎప్పుడూ శాఖ కమిటీయే.

ఏప్రిల్ 14న మన బస్తీ కుర్రాళ్లు రక్తదాన శిబిరాలు పెడతారు. ఇవ్వండి, ఆపొద్దు. ఆ రక్తం తీసుకునేటప్పుడు ఎవరూ కులం అడగరు. ఇచ్చే వాళ్లకు అడిగే హక్కు కూడా ఉంది. ప్రతి ప్రభుత్వ రక్తనిధిలో న్యాట్ పరీక్ష అడుగుదాం. నాంపల్లి, ఇబ్రహీంపట్నం నివేదికలు పూర్తిగా బయట పెట్టమందాం. ప్రభుత్వ ఆస్పత్రిలో ఇలాంటి మరణాలు జరిగితే కమిషన్ల చట్టం కిందే విచారణ జరగాలని, ఆ విచారణలో బాధిత కుటుంబం తరఫు లాయర్‌కు ప్రశ్నించే హక్కు ఉండాలని అందాం.

దూరం కూడా ఏం లేదు. నాంపల్లి స్టేషన్లో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే అసెంబ్లీ. సమాచార కమిషన్ ఆఫీసు మోజంజాహీ మార్కెట్ దగ్గరే. ఆ నివేదికల కోసం దరఖాస్తు నమూనా కామెంట్‌లో పెడుతున్నాను. మీ పేరు రాసి, పది రూపాయలు కట్టి పంపండి. వచ్చిన జవాబులన్నీ తర్వాతి భాగంలో ఇక్కడే పెడతాను. జవాబు రాకపోతే, రాలేదన్న సంగతీ పెడతాను.

జై భీమ్.