సంఘమునకొక యిల్లు

ఒక వృత్తివారందఱు కూడి మాటలాడుకొనుటకును, తూనికలు, కొలతలు, వెలలు నిర్ణయించుకొనుటకును కట్టుకొన్న సభామందిరమును ఇంగ్లీషువారు గిల్డుహాలందురు. అట్టి కూటములనే మన పూర్వులు శ్రేణులనియు, నిగమములనియు, నకరములనియు పిలిచిరి. ఇది మగవారి లెక్కల వ్యవహారమని సోదరీమణులు పుట త్రిప్పివేయకుందురుగాక.

లండను గిల్డుహాలును 1411లో కట్ట నారంభించిరి. నగరపాలనమునకై కట్టిన యా సభ న్యాయస్థానము కూడ నయ్యెను. మతవిషయమున తన నమ్మకమును విడువనందుకు ఆన్ ఆస్క్యూ అను నామెకు 1546లోను, తొమ్మిదినాళ్ల రాణియైన జేన్ గ్రేకు 1553లోను అచ్చటనే మరణశిక్ష విధించిరి. ఆసనములపై స్త్రీలకు చోటు లేని దినములలో ముద్దాయిలుగా మాత్రము ప్రవేశము దొరకినది! పైకప్పు 1666లో నొకమాఱు, 1940లో బాంబులవలన నొకమాఱు కాలిపోగా మరల వేసికొనిరి. ఇప్పుడచ్చట విందులును ఉత్సవములును జరుగుచున్నవి. ప్రక్కనే చిత్రశాల కలదు.

మన భట్టిప్రోలు స్తూపమున 1892లో దొరకిన ధాతుకరండములపై క్రీస్తునకు పూర్వమే నిగమమువారి పేర్లు, గోష్ఠివారి పేర్లు చెక్కిరి. అందలి యొక స్ఫటికముపై నందపురపు స్త్రీల దానము వ్రాయబడియున్నది. రెండువేల యేండ్ల క్రిందటనే మన స్త్రీలు పదుగురు కూడి ఇచ్చిరన్నమాట. ఆ చిన్నరాయి మాకు లండను మేడకంటె ప్రియము. తరువాత నకరములవారికి దేవాలయమే కూటశాల యయ్యెను. పెనుగొండ నగరేశ్వరాలయము పదునెనిమిది పట్టణముల వైశ్యులకు మూలస్థానమని సంప్రదాయము. నేడును కన్యకాపరమేశ్వరీ ఆలయములలో పూజలతోపాటు పెండ్లిండ్లు, సంఘసభలు జరుగుచునే యున్నవి.

మఱి నేటి శ్రేణు లెవ్వరందురా? సుల్తానాబాదు వైపు చూడుడు. నిన్నటి కరీంనగరము జిల్లాలోనిదై, 2016 నుండి పెద్దపల్లి జిల్లాలో చేరిన బియ్యపుమిల్లుల యూరది. శాతవాహనులనాటి ధూళికట్ట స్తూపము ఆ చేరువదే. ఆ ప్రాంతపు పల్లెలలో వడ్లు కొను కేంద్రములు పెక్కింటిని మహిళాసంఘములే నడపుచున్నవి. తేమ నూటికి 17 పాళ్లు మించకుండ చూచి, కాంటా వేసి, సంచుల కెత్తించి, లెక్క వ్రాసి మిల్లునకు పంపవలెను. పూర్వపు శ్రేణులు చూచినపనియే గదా యిది!

మబ్బు పట్టెనా, కుప్పలపై టార్పాలిన్లు కప్ప పరుగెత్తవలసినదే. వీరికై మేము మేడ నడుగము. కల్లముపై రేకుల కప్పు, పుస్తకముల కొక బీరువా, తల్లులవెంట వచ్చిన పిల్లలు పండుకొన నొక మూల.