రాత్రి రాబడి ఒకరిది, పొద్దుటి ఖర్చు ఇంకొకరిది

2024 జులైలో స్పెయిన్‌లోని పాల్మా నగరంలో వేలాదిమంది రోడ్డెక్కారు. వాళ్లు అడిగింది ఉద్యోగాలూ కాదు, రాయితీలూ కాదు. తమ దీవులకు వచ్చే టూరిస్టులకు ఒక హద్దు పెట్టమన్నారు. మధ్యధరా సముద్రంలోని బాలెరిక్ దీవులకు పాల్మా రాజధాని. మయోర్కా, ఇబిజా, మెనోర్కా, ఫోర్మెంటెరా అన్నీ కలిపితే జనాభా సుమారు 12 లక్షలు. 2023లో ఆ దీవులకు వచ్చిపోయినవాళ్లు దాదాపు 1.78 కోట్లు. అక్కడి ఆదాయంలో సగానికి దగ్గరగా పర్యాటకం నుంచే వస్తుంది. తమకు తిండి పెడుతున్న వ్యాపారాన్నే కాస్త తగ్గించమని జనం ఊరేగింపు తీశారంటే ఎక్కడో లెక్క తప్పిందన్నమాట.

తప్పిందెక్కడ అని అడిగితే చాలామంది ఒకే వైపు వేలు చూపిస్తారు: మయోర్కాలోని మగలుఫ్, ఇబిజాలోని సాంట్ ఆంటోని. వేసవి వస్తే చాలు, తాగి తందనాలాడే కుర్రకారుతో నిండిపోయే బీచ్ ఊళ్లివి. బ్రిటన్ పత్రికలు వాటిని చూసి నవ్వుకుంటాయి, స్పెయిన్ పత్రికలు సిగ్గుపడతాయి. మన దగ్గరైతే పాశ్చాత్యుల విచ్చలవిడితనమని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. వీటిలో ఏదీ అసలు సంగతిని పట్టుకోదు. మగలుఫ్ రాత్రులు కుర్రాళ్ల గుణం వల్ల పుట్టలేదు, ఒక వ్యాపార పద్ధతి వల్ల పుట్టాయి. ఆ పద్ధతిని కదపకుండా తాగినవాళ్లను ఎంత దండించినా ఫలితం అంతంతే.

చవక బేరం నుంచి మందు బజారు దాకా

1950లో వ్లాదిమిర్ రైట్జ్ అనే లండన్ వ్యాపారి ఒక ప్రయోగం చేశాడు. ఒక డకోటా విమానాన్ని అద్దెకు తీసుకుని, కోర్సికా దీవిలోని కాల్వీకి జనాన్ని తీసుకెళ్లాడు. విమాన ఛార్జీ, డేరాల్లో బస, రెండు పూటలా మాంసంతో భోజనం, కావలసినంత స్థానిక వైన్, అన్నీ కలిపి 32 పౌండ్ల 10 షిల్లింగులు. నేటి ప్యాకేజీ టూర్లకు మూలం అదేనంటారు. రెండేళ్లకు ఆయన కంపెనీ పాల్మాకూ విమానాలు నడిపింది. కడుపునిండా తిండి, తాగినంత మందు టికెట్లోనే కలిసి ఉండాలన్న ఆలోచన ఆ మొదటి బేరంలోనే ఉంది.

స్పెయిన్‌కు అప్పుడు విదేశీ మారకం అత్యవసరం. నియంత ఫ్రాంకో ప్రభుత్వం 1959లో ఆర్థిక తలుపులు తెరిచి, కరెన్సీ విలువ తగ్గించింది. 1960లో 60 లక్షల మంది విదేశీయులు వచ్చిన దేశానికి 1973 నాటికి 3.4 కోట్ల మంది వచ్చారు. క్యూబాకు, అర్జెంటీనాకు పొట్టకూటి కోసం వలస పోయిన దీవుల జనానికి బతుకు సొంత ఊళ్లోనే దొరికింది. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

అయితే బేరంలో పైచేయి హోటలు యజమానిది కాదు. వచ్చే వేసవి గదులను ముందే గంపగుత్తగా కొనేసేవి బ్రిటన్, జర్మనీ టూర్ కంపెనీలు. వేలసంఖ్యలో కొంటాయి కాబట్టి రేటు అవే నిర్ణయిస్తాయి. గది మీద మిగిలేది తక్కువైనప్పుడు యజమానికి రెండే దారులు: గదిలో ఎక్కువమందిని పడుకోబెట్టడం, వాళ్ల చేత బయట ఎక్కువ ఖర్చు పెట్టించడం. మగలుఫ్‌లోని పుంటా బయేనా వీధి ఈ రెండో దారిలో ఎదిగింది. కొన్ని వందల మీటర్ల వీధి పొడవునా బార్లే. గుమ్మం ముందు నిలబడి తలకింత అని కమీషన్ మీద జనాన్ని లోపలికి లాగే కుర్రాళ్లు, ఒకే టికెట్‌తో అయిదారు బార్లు తిప్పే ఊరేగింపులు, చేతికి పట్టీ కట్టి గంటసేపు ఎంతైనా తాగమనే ఆఫర్లు అక్కడ మామూలుగా ఉండేవి. పక్క బారు ఒక గ్లాసు ఉచితమంటే ఈ బారు రెండనేది. పందెం ధర మీద నడిచేచోట సరుకు ఎప్పుడూ నాసిగానే ఉంటుంది. ఇక్కడ సరుకు రాత్రి.

ఆ రాత్రి మూల్యం పొద్దున ఆస్పత్రిలో కనబడుతుంది. మత్తులో ఒక బాల్కనీ నుంచి ఇంకో బాల్కనీకో, కింద ఈతకొలనులోకో దూకడం ఈ ఊళ్లలో ఎంత మామూలైపోయిందంటే దానికి స్పానిష్‌లో 'బాల్కనింగ్' అని పేరే పడింది. పాల్మాలోని సోన్ ఎస్పాసెస్ ఆస్పత్రి సర్జన్లు 2010 నుంచి 2015 వరకు తమ దగ్గరికి వచ్చిన ఇలాంటి 46 కేసులను అధ్యయనం చేశారు. దాదాపు అందరూ కుర్రాళ్లే, దాదాపు అందరూ మత్తులోనే ఉన్నారు, ఎక్కువమంది బ్రిటన్‌వాళ్లు. పడిన ఎత్తు సగటున 8 మీటర్లు. చికిత్స ఖర్చులో ఒక్క యూరో కూడా ఉచిత గ్లాసు పోసిన బారు పెట్టలేదు.

చట్టం పట్టుకున్నది ఎవరిని?

బాలెరిక్ ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చోలేదు. 2020 జనవరిలో మగలుఫ్, ప్లాయా దె పాల్మా, సాంట్ ఆంటోని ప్రాంతాలకు ప్రత్యేక చట్టం తెచ్చింది. హ్యాపీ అవర్లు, బార్ల ఊరేగింపులు నిషిద్ధం. రాత్రి 9.30 నుంచి పొద్దున 8 వరకు దుకాణాల్లో మద్యం అమ్మకూడదు. అన్నీ కలిసిన ప్యాకేజీలోనూ రోజుకు ఆరు గ్లాసులే, మధ్యాహ్నం మూడు, రాత్రి మూడు. బాల్కనీ నుంచి దూకితే భారీ జరిమానా, హోటల్ నుంచి వెళ్లగొట్టడం. నిబంధన మీరిన వ్యాపారికి 6 లక్షల యూరోల వరకు శిక్ష. 2024 మేలో చట్టాన్ని ఇంకా బిగించి వీధిలో తాగితే 500 నుంచి 1,500 యూరోల జరిమానా అన్నారు, పార్టీ పడవలను తీరానికి దూరం తరిమారు.

మంచి చట్టమే. ముఖ్యంగా వ్యాపారిని కూడా బాధ్యుణ్ణి చేయడం మెచ్చుకోదగ్గది. కానీ ఇది గీత గీసిన కొన్ని వీధులకే వర్తిస్తుంది, ఆ గీత లోపలికి ఎంతమంది వస్తారన్నది మాత్రం అడగదు. పాల్మా విమానాశ్రయంలో 2024లో ప్రయాణించినవాళ్లు 3.3 కోట్లు. ఇంతమందిని తెచ్చి పడేసే యంత్రం అలాగే ఉంటే, వాళ్లను వరసలో నిలబెట్టడానికి ఎన్ని పోలీసు జీపులు చాలతాయి?

ఇలాంటి దండన ఇదివరకూ ఒకచోట నడిచింది. గ్రీస్‌లోని రోడ్స్ దీవిలో ఫలిరాకి అనే బీచ్ ఊరు 2000 తొలినాళ్లలో బ్రిటిష్ కుర్రకారుకు పార్టీ అడ్డా. 2003లో బారు గొడవలో ఒక కుర్రవాడి ప్రాణం పోయాక పోలీసులు ఉక్కుపాదం మోపారు. ఊరు సద్దుమణిగింది. పార్టీ మాత్రం ఆగలేదు, క్రీట్‌లోని మాలియాకో జాకింథోస్‌లోని లగానస్‌కో మకాం మార్చింది. ఒక ఊరు తరిమేసిన గొడవను ఇంకో ఊరు ఆదాయమనుకుని పిలిచి కూర్చోబెట్టింది.

ధర పెంచితే మర్యాద వస్తుందా?

అయితే చవక జనాన్ని వదిలి డబ్బున్నవాళ్లనే పిలుద్దాం అన్నది తరచూ వినిపించే రెండో మందు. దానికి ఉదాహరణగా ఇబిజాను చూపిస్తారు. ఇబిజా రాత్రులకు నిజంగానే ఒక సంస్కృతి ఉంది. 1973లో పాచా క్లబ్ మొదలైంది. 1987లో ఇక్కడి ఆమ్నీసియా క్లబ్‌లో అర్జెంటీనా నుంచి వచ్చిన డీజే ఆల్ఫ్రెడో రకరకాల పాటలను కలిపి వాయించిన తీరు విని నలుగురు లండన్ కుర్రాళ్లు మత్తెక్కిపోయారు. వాళ్లు తిరిగి వెళ్లి పెట్టిన క్లబ్బులతో బ్రిటన్ సంగీతమే ఒక మలుపు తిరిగింది. రాత్రి జీవితమంటే తాగుడు తప్ప మరేమీ కాదనేవాళ్లు ఈ చరిత్రను ఒకసారి చూడాలి.

ఇప్పుడు ఆ సంగీతం కోట్ల వ్యాపారం. పాచా సంస్థను 2023లో దుబాయ్‌కి చెందిన ఫైవ్ హోల్డింగ్స్ కొన్నది. దాని అధిపతి కబీర్ ముల్‌చందానీ మనకు కొత్తవాడేమీ కాదు. 1990లలో పాత టీవీ ఇస్తే కొత్తది తగ్గింపు ధరకు ఇస్తామని అకాయ్ టీవీలను మన ఇళ్లకు చేర్చిన వ్యాపారి ఆయనే. ఇబిజా పెద్ద క్లబ్బుల్లో ప్రవేశానికే చాలా రాత్రులు 50 యూరోలు దాటుతుంది, లోపల మంచినీళ్ల సీసాకు కూడా జేబు తడుముకోవాలి. మగలుఫ్‌తో పోలిస్తే ఇది వేరే లోకం.

పొద్దుటి ఖర్చు మాత్రం ఇక్కడ ఇంకా ఎక్కువ. సంపన్నులు వచ్చేచోట ఇళ్ల అద్దెలు వాళ్ల స్థాయికే పెరుగుతాయి. సీజన్‌లో పనికొచ్చిన వంటవాళ్లు, వెయిటర్లు వ్యాన్లలో, డేరాల్లో పడుకుంటున్నారు. 2024 జులైలో కాన్ రోవా అనే చోట అలా బతుకుతున్న సుమారు 200 మందిని ఖాళీ చేయించారు. ఇబిజాలో ఇల్లు దొరకని టీచర్లు కొందరు మయోర్కాలో కాపురముంటూ, దీవుల వాసులకిచ్చే 75 శాతం రాయితీ టికెట్‌తో రోజూ విమానంలో బడికి వెళ్లొస్తున్నారు. చవక మోడల్‌లో ఊరి నిద్ర పోతే, ఖరీదు మోడల్‌లో ఊరివాళ్లకు ఊరే పోతోంది.

లెక్కపెట్టాల్సింది తలలనే

ఈ దీవుల్లో నిజంగా పనిచేసే నిర్ణయాలు ఉన్నాయి. అవి టూరిస్టు ప్రవర్తన మీద కాక సంఖ్య మీద గురిపెట్టినవి. పాల్మా నగరం 2018లోనే అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్లను టూరిస్టులకు అద్దెకివ్వడాన్ని నిషేధించింది, 2023లో స్పెయిన్ సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2022 నుంచి పాల్మా రేవులోకి రోజుకు మూడే క్రూజ్ నౌకలు. ఫోర్మెంటెరా, దాని తర్వాత ఇబిజా వేసవిలో దీవిలోకి వచ్చే కార్లకు పరిమితి పెట్టాయి. 2022లో కొత్త హోటల్ పడకలకు నాలుగేళ్ల విరామం ప్రకటించారు.

ఆ ఏడాది తెచ్చిన చట్టంలోనే ఇంకో నిబంధన ఉంది. హోటళ్లు ఎత్తు పెంచడానికి, తగ్గించడానికి వీలున్న మంచాలు వేయాలి. రోజుకు పదుల గదుల్లో వంగి దుప్పట్లు మార్చే ఆడవాళ్ల నడుములు విరగకూడదని. రాత్రి ఆటపాటల మర్నాడు ఆ గది తుడిచేది వాళ్లే. పర్యాటక చట్టం రాసేటప్పుడు ముందు ఎవరిని తలచుకోవాలో ఈ ఒక్క నిబంధన చెబుతుంది.

సంఖ్యకు హద్దు పెడితే ఉపాధి పోదా? ఆ భయంలో నిజం లేకపోలేదు. 2019 సెప్టెంబరులో టూర్ కంపెనీ థామస్ కుక్ కుప్పకూలినప్పుడు బాలెరిక్ హోటళ్లు ఎన్నో బాకీలు రాక తలపట్టుకున్నాయి. అయితే అది నేర్పిన పాఠం వేరు. జనాన్ని తెచ్చే తాళంచెవి రెండు మూడు విదేశీ కంపెనీల చేతిలో ఉన్నంతకాలం ఏ ఊరి ఉపాధికీ భరోసా లేదు. రాక తగ్గి, వచ్చినవాళ్లు నాలుగు రోజులు ఎక్కువుండి, ఖర్చు స్థానికుల చేతికి చేరితే ఉపాధి నిలుస్తుంది.

మన తీరానికి ఎందుకీ గోల?

ఇబిజాకూ మన గోవాకూ పాత చుట్టరికం ఉంది. 1960, 70లలో హిప్పీలు వేసవి ఇబిజాలో, చలికాలం అంజునాలో గడిపేవారు. రెండుచోట్లా వాళ్ల సంతలు మిగిలాయి, పాటలూ మిగిలాయి. ఇప్పుడు ఆ గోవాకు వారాంతం వస్తే హైదరాబాద్, విజయవాడ కుర్రకారు బారులు తీరుతోంది. గోవా ప్రభుత్వం 2019లో బీచ్‌లో తాగితే ఒక్కరికి 2,000, గుంపుకు 10,000 రూపాయల జరిమానా పెట్టింది. మగలుఫ్ ఏ దారిన నడిచిందో అదే దారి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం ఉంది, దాన్ని వాడుకోవాలనుకోవడంలో తప్పులేదు. కానీ విశాఖలోని రుషికొండ బీచ్‌కు 2020లో వచ్చిన బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2025లో తాత్కాలికంగా పోయి మళ్లీ దక్కింది. ఒక్క బీచ్ శుభ్రతే ఇంత కష్టమైనప్పుడు పది రిసార్టులకు శంకుస్థాపన చేసే ముందు కాస్త ఆగి ఆలోచించాలి. ఈ తీరం ఎన్ని గదులు మోయగలదు? సీజన్‌లో నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి? అక్కడ పనిచేసేవాళ్లు ఎక్కడ ఉంటారు? మత్స్యకారులు వలలు ఆరేసుకునే ఇసుక ఎవరి పేరున రాసి ఉంది? ఇవి పెట్టుబడిదారుల సదస్సులో ఎవరూ అడగరు, మనమే అడగాలి.

అలాగని మధ్యధరా తీరానికి వెళ్లొద్దని ఎవరికీ చెప్పనక్కరలేదు. లండన్, మాంచెస్టర్‌లలో చదివే మన పిల్లలకు అది రెండున్నర గంటల విమాన దూరం. వెళ్లేవాళ్లు జులై, ఆగస్టు వదిలి మేలోనో అక్టోబరు మొదట్లోనో వెళ్లండి. లైసెన్సు నంబరు లేని ఫ్లాట్‌లో దిగకండి. ఎంతైనా తాగమనే పట్టీ చేతికి కట్టించుకోకండి. క్లబ్బుకు వెళ్లిన మర్నాడు సాయంత్రం ఇబిజా కొండమీది పాత కోట డాల్ట్ విలా ఎక్కిరండి, 1999 నుంచి అది యునెస్కో వారసత్వ సంపద.

టూరిస్టు అలవాట్లు మార్చుకుంటే కొంత మేలు. పాలకులు లెక్క మార్చుకుంటేనే పూర్తి మేలు. బాలెరిక్ దీవులకు ఆ లెక్క అర్థమయ్యేసరికి అరవై ఏళ్లు పట్టింది. మొదటి గది కట్టకముందే ఆ లెక్క వేసుకునే అవకాశం మన తీరానికి ఇంకా ఉంది. దాన్ని వదులుకుంటే తర్వాత తాగినవాణ్ణి తిట్టే హక్కు మనకు ఉండదు.