350 సీసీ దాటితే ధర ఎందుకు పెరిగింది? ఇంజిన్ ట్యూనింగ్‌పై చట్టం ఏం చెబుతోంది?

రాయల్ ఎన్‌ఫీల్డ్ షోరూంకు వెళ్తే క్లాసిక్ 350, సూపర్ మీటియర్ 650 ఒకే చోట కనిపిస్తాయి. 2025 సెప్టెంబర్ 22న కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి రాగానే మొదటి దానిపై పన్ను తగ్గింది, రెండో దానిపై పెరిగింది. ఒకే కంపెనీ, ఒకే షోరూం, రెండు వేర్వేరు లెక్కలు.

దూర ప్రయాణాల కోసం పెద్ద బైక్ కొనాలనుకునేవాళ్లకు ధర ఒక్కటే సమస్య కాదు. కొన్న తర్వాత ‘ఇంజిన్ వేడెక్కుతోంది, పికప్ చాలడం లేదు’ అని మెకానిక్ దగ్గరికి వెళ్తే, ‘ఈసీయూ రీమ్యాప్ చేయించండి, సైలెన్సర్ మార్చండి’ అనే సలహా వస్తుంది. అది చట్టబద్ధమా? పట్టుబడితే ఏమవుతుంది? సెకండ్ హ్యాండ్‌లో కొన్న బైక్‌లో ముందే ఆ మార్పులు జరిగి ఉంటే బాధ్యత ఎవరిది? ఒక్కొక్కటిగా చూద్దాం.

పన్ను ఎంత మారింది?

గతంలో బైక్‌లన్నింటికీ 28 శాతం జీఎస్టీ ఉండేది. 350 సీసీ దాటిన వాటికి అదనంగా 3 శాతం సెస్ కలిపి మొత్తం 31 శాతం పడేది. ఇప్పుడు 350 సీసీ వరకు 18 శాతం, అది దాటితే 40 శాతం. సెస్ తీసేశారు. కానీ పెద్ద బైక్‌లను ‘విలాస వస్తువుల’ శ్లాబులో చేర్చారు.

అంకెల్లో చూస్తే తేడా సులువుగా తెలుస్తుంది. పన్నుకు ముందు ధర లక్షన్నర ఉన్న 350 సీసీ బైక్ పాత లెక్కలో రూ.1,92,000 అయ్యేది. ఇప్పుడు రూ.1,77,000. అంటే రూ.15,000 తగ్గింది. పన్నుకు ముందు ధర మూడు లక్షలు ఉన్న 650 సీసీ బైక్ పాత లెక్కలో రూ.3,93,000. ఇప్పుడు రూ.4,20,000. అంటే రూ.27,000 పెరిగింది. కొన్ని కంపెనీలు కొంతకాలం ఈ భారాన్ని తామే భరిస్తామని ప్రకటించాయి. అది కంపెనీ నిర్ణయమే తప్ప కొనుగోలుదారు హక్కు కాదు. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

భారం ఇక్కడితో ఆగదు. రాష్ట్రాలు వసూలు చేసే లైఫ్ ట్యాక్స్ వాహనం ధరలో ఇంత శాతం అని లెక్కిస్తారు. కాబట్టి ధర పెరిగితే అదీ పెరుగుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఆగస్టులో ఖరీదైన వాహనాలపై ఈ పన్ను శ్లాబులను కూడా పెంచింది. థర్డ్ పార్టీ బీమాలోనూ 350 సీసీయే గీత. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 150 నుంచి 350 సీసీ బైక్‌కు ఏడాదికి రూ.1,366, అది దాటితే రూ.2,804. కొత్త బైక్‌కు ఐదేళ్ల బీమా ఒకేసారి కట్టాలి కాబట్టి అది రూ.7,365, రూ.15,117 అవుతుంది.

కాస్త ఊరట ఒక్కటే. స్పేర్ పార్టులన్నింటిపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది.

దిగుమతి బైక్‌ల సంగతేంటి?

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. హోండా గోల్డ్ వింగ్ లాంటి భారీ టూరింగ్ బైక్‌లు పూర్తిగా తయారై విదేశాల నుంచి వస్తాయి. వాటిపై ముందు కస్టమ్స్ సుంకం, ఆ మొత్తం మీద జీఎస్టీ పడతాయి. 2025-26 బడ్జెట్‌లో కేంద్రం ఈ సుంకాన్ని తగ్గించింది. 1600 సీసీ దాటిన బైక్‌లకు 50 నుంచి 30 శాతానికి, అంతకంటే చిన్నవాటికి 50 నుంచి 40 శాతానికి దించింది.

రూ.20 లక్షల విలువతో ఓడరేవులో దిగిన బైక్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇతర చిన్న చార్జీలు, డీలర్ మార్జిన్ పక్కన పెడదాం. బడ్జెట్‌కు ముందు సుంకం, పన్ను కలిపి అది రూ.39.30 లక్షలు అయ్యేది. ఇప్పుడు 1600 సీసీ లోపు బైక్ అయితే రూ.39.20 లక్షలు. అంటే ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో తీసుకున్నారు. 1600 సీసీ దాటితే మాత్రం రూ.36.40 లక్షలే. జీఎస్టీ పెరిగాక కూడా పాత రోజులకంటే దాదాపు మూడు లక్షలు తక్కువ.

అంటే 40 శాతం శ్లాబు అసలు దెబ్బ పాతిక, ముప్పై లక్షల బైక్ కొనేవారికి కాదు. ఇక్కడే తయారైన 400, 450, 650 సీసీ బైక్‌ను ఈఎంఐల మీద కొనే మధ్యతరగతి ఉద్యోగికి. అతనికి కస్టమ్స్ తగ్గింపు వర్తించదు, జీఎస్టీ పెంపు మాత్రం పూర్తిగా వర్తిస్తుంది.

ఇది కాలుష్యం మీద పన్నా?

కాదు. పెద్ద ఇంజిన్ కాబట్టి ఎక్కువ పొగ, అందుకే ఎక్కువ పన్ను అని చాలామంది అనుకుంటారు. కానీ బీఎస్-6 ప్రమాణాలు ఇంజిన్ సైజును బట్టి సడలింపు ఇవ్వవు. 100 సీసీ పెట్రోల్ బైక్ అయినా, 1800 సీసీ బైక్ అయినా కిలోమీటరుకు కార్బన్ మోనాక్సైడ్ 1,000 మిల్లీగ్రాములు, హైడ్రోకార్బన్లు 100 మిల్లీగ్రాములు, నైట్రోజన్ ఆక్సైడ్లు 60 మిల్లీగ్రాములు దాటకూడదు. పెద్ద బైక్ ఎక్కువ పెట్రోల్ తాగుతుంది, నిజమే. కానీ విషవాయువుల విషయంలో దానికీ అదే కొలబద్ద. జీఎస్టీ చూసేది సీసీని, కాలుష్య ప్రమాణం చూసేది మిల్లీగ్రాములను. రెండింటికీ సంబంధం లేదు.

అయితే కాలుష్య నిబంధనల వల్ల కూడా ధర పెరిగిన మాట వాస్తవమే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 రాగానే కార్బురేటర్ల స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్, ఆక్సిజన్ సెన్సర్లు వచ్చాయి. ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు వాడే క్యాటలిటిక్ కన్వర్టర్ మరింత సమర్థంగా పనిచేయాల్సి వచ్చింది. పాత ఇంజిన్లను కొత్త ప్రమాణానికి మార్చడం గిట్టుబాటు కాక కొన్ని మోడళ్లు ఆగిపోయాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ 500 సీసీ బుల్లెట్, క్లాసిక్ అలా కనుమరుగైనవే. తర్వాత 2023 ఏప్రిల్‌లో ఓబీడీ-2ఏ, 2025 ఏప్రిల్‌లో ఓబీడీ-2బీ వచ్చాయి. అంటే ఉద్గారాలను అదుపు చేసే భాగాలు సరిగ్గా పనిచేస్తున్నాయా లేదా అని బైకే తనను తాను పరీక్షించుకుని, తేడా వస్తే మీటర్‌పై లైటు వెలిగించాలి.

మరి రీమ్యాప్ ఎందుకు చేయిస్తున్నారు?

ఇంజిన్‌లోకి ఎంత గాలికి ఎంత పెట్రోల్ వెళ్లాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ మూడు రకాల విషవాయువులనూ ఒకేసారి శుద్ధి చేయాలంటే ఆ నిష్పత్తి దాదాపు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్ దగ్గరే ఉండాలి. కాస్త అటూ ఇటూ అయినా పని చెడుతుంది. కానీ ఇంజిన్ గరిష్ఠ శక్తి ఇచ్చేది ఇంకొంచెం ఎక్కువ పెట్రోల్ వెళ్లినప్పుడు. అప్పుడు ఇంజిన్ కాస్త చల్లగా, మెత్తగా కూడా నడుస్తుంది.

గాలితో చల్లబడే పెద్ద ఇంజిన్ బైక్‌ను మే నెలలో నగర ట్రాఫిక్‌లో నడిపినవాళ్లకు ఈ తేడా తొడలకు తగులుతుంది. వాళ్ల ఫిర్యాదు అబద్ధం కాదు. రీమ్యాప్ చేసేవారు ఈసీయూలోని లెక్కను మార్చి పెట్రోల్ పెంచుతారు. కొందరు ఆక్సిజన్ సెన్సర్‌ను ఏమార్చే పరికరం పెడతారు. ఇంకొందరు కన్వర్టర్ ఉన్న సైలెన్సర్‌నే తీసేసి ‘ఫ్రీ ఫ్లో’ గొట్టం బిగిస్తారు. మొదటి రెండింటితో కన్వర్టర్ పని దెబ్బతిని కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోల్ ఆవిరి పెరుగుతాయి. మూడోదానితో శుద్ధి అన్నదే ఉండదు, పైగా మోత.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు, ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళకు చెందిన ఒక కేసులో ఈ విషయాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ(4) ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ. సైలెన్సర్ ఒకటి, ఈసీయూ ఒకటి అనుకుంటే లెక్క రెండు మార్పులకు.

శబ్దం, వాయు కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే సెక్షన్ 190(2) వర్తిస్తుంది. తొలిసారి మూడు నెలల వరకు జైలు లేదా రూ.10,000 వరకు జరిమానా లేదా రెండూ, వాటితోపాటు మూడు నెలలు లైసెన్స్‌పై అనర్హత. 175 సీసీ దాటిన బైక్‌ను కంపెనీ ఆమోదం కోసం పరీక్షించేటప్పుడు శబ్దం 80 డెసిబెల్స్ దాటకూడదు.

అన్ని మార్పులూ నేరం కాదు. సామాన్ల పెట్టెలు, విండ్‌షీల్డ్, సీటు లాంటి కంపెనీ ఆమోదించిన యాక్సెసరీలతో సాధారణంగా ఇబ్బంది రాదు. ఇంజిన్ మార్చినా, అనుమతితో మరేదైనా మార్పు చేసినా 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి.

పీయూసీ ఉంటే చాలదా?

పీయూసీ సర్టిఫికెట్ ఉంది కాబట్టి రీమ్యాప్ చేసినా ఫర్వాలేదని కొందరు మెకానిక్‌లు చెబుతారు. అది తప్పు. పీయూసీ కేంద్రంలో బండిని కదలకుండా ఉంచి, ఐడ్లింగ్‌లో వచ్చే పొగను కొలుస్తారు. ఈసీయూలో ఏ మ్యాప్ ఉందో ఆ యంత్రం చూడదు. రోడ్డుపై వేగంగా వెళ్తున్నప్పుడు ఏం వదులుతుందో కూడా తెలియదు. అందుకే మార్పులు చేసిన బండి సైతం అక్కడ పాస్ కావచ్చు. పాసైనంత మాత్రాన సెక్షన్ 52 నుంచి మినహాయింపు రాదు. పీయూసీ లేకపోవడం వేరే నేరం, బండి మార్చడం వేరే నేరం.

ఈ లోపం వల్లే అమలు కూడా ఒంటి కాలిపై నడుస్తోంది. మోత పోలీసులకు వినిపిస్తుంది కాబట్టి సైలెన్సర్లు పట్టుకుని రోడ్డు రోలర్‌తో తొక్కిస్తారు. ఈసీయూలో మార్పు కంటికి కనిపించదు, చెవికి వినిపించదు. కాబట్టి దొరకదు.

వేరే దేశాల్లో ఎలా చేశారు?

అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ ఒక్కో బైకర్ వెంట పడకుండా, పరికరం అమ్మేవారినే పట్టుకుంది. ఇంజిన్ శక్తి పెంచే ‘సూపర్ ట్యూనర్’ పరికరాలను 2008 నుంచి సుమారు 3,40,000 దాకా అమ్మిందన్న ఆరోపణపై హార్లే-డేవిడ్‌సన్‌తో 2016 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు కానీ 1.2 కోట్ల డాలర్ల జరిమానాకు అంగీకరించింది. ఆ పరికరాల అమ్మకం ఆపేసి, డీలర్ల దగ్గర మిగిలినవాటిని వెనక్కి తీసుకుని ధ్వంసం చేయాల్సి వచ్చింది. అయితే దారి పూర్తిగా మూసేయలేదు. కాలిఫోర్నియా వాయు వనరుల మండలి పరీక్షించి ధ్రువీకరించిన ట్యూనర్ అయితే అమ్ముకోవచ్చన్నారు.

మనకు ఇందులో పాఠం ఉంది. కార్లలో సీఎన్‌జీ కిట్ బిగించాలంటే ఆమోదించిన కిట్ వాడి, ఆర్‌సీలో రాయించుకునే పద్ధతి ఇప్పటికే ఉంది. బైక్‌ల ట్యూనింగ్‌కూ అలాంటి దారి చూపితే వేడి సమస్య ఉన్నవాళ్లు దొంగచాటుగా వెళ్లాల్సిన పని ఉండదు. పరీక్షలో నెగ్గని పరికరం అమ్మితే బాధ్యత అమ్మినవాడిది అవుతుంది. ప్రస్తుతం రీమ్యాప్‌కు డబ్బు తీసుకున్న వ్యక్తి ఇంటికి వెళ్లిపోతాడు, సెక్షన్ 182ఏ(4) యజమాని మెడకు చుట్టుకుంటుంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఏం చూడాలి?

కొత్త బైక్ ధర పెరిగేకొద్దీ వాడిన బైక్‌కు గిరాకీ పెరుగుతుంది. ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఆర్‌సీ మీ పేరిట మారిన రోజు నుంచి రోడ్డుపై ఆపితే జవాబు చెప్పాల్సింది మీరే. ‘నేను మార్చలేదు, అలాగే కొన్నాను’ అన్న మాటతో తనిఖీ దగ్గర పని జరగదు.

కొనేముందు బండిని కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి డయాగ్నస్టిక్ పరీక్ష చేయించండి. సైలెన్సర్ కంపెనీదేనా, ఆక్సిజన్ సెన్సర్ తన చోట ఉందా అని రాతపూర్వకంగా అడగండి. తాళం తిప్పగానే ఇంజిన్ హెచ్చరిక లైటు వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే దాన్ని ఆపేశారేమోనని అనుమానించాలి. పాత యజమాని తీసేసిన అసలు సైలెన్సర్ ఇంట్లో ఉంటే బండితో పాటు తీసుకోండి. ఈసీయూ మారిస్తే వారంటీ పోవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు చెప్పని మార్పులు బయటపడితే సొంత నష్టం క్లెయిమ్‌పై బీమా కంపెనీ పేచీ పెట్టవచ్చు.

కొత్తది కొనేవాళ్లు షోరూం ధర చూసి ఆగకుండా జీఎస్టీ, లైఫ్ ట్యాక్స్, ఐదేళ్ల బీమా విడివిడిగా రాసిన ఆన్‌రోడ్ కొటేషన్ అడిగి తీసుకోవాలి. వేడి గురించి సందేహం ఉంటే మధ్యాహ్నం ట్రాఫిక్‌లో అరగంట టెస్ట్ రైడ్ చేయాలి. ఉదయం ఆరింటికి ఔటర్ రింగ్ రోడ్డుపై ఏ బైకైనా చల్లగానే ఉంటుంది.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్య నుంచి పోతుంది. ఆ ఘాట్ అంటే బైకర్లకు ఇష్టం. ఆ దారిలో కన్వర్టర్ పీకేసిన ఒక్క బండి వెళ్లినా మోత, పొగ అడవికీ వెనక వచ్చేవాళ్లకూ మిగులుతాయి. నలభై శాతం పన్ను కట్టి కొన్న బండి కదా అని ఆ అదనపు పొగ వదిలే హక్కు రాదు. అలాగే అంత పన్ను తీసుకుంటున్న ప్రభుత్వం చట్టబద్ధమైన ట్యూనింగ్‌కు ఒక స్పష్టమైన దారి చూపించాలని అడగడంలోనూ తప్పు లేదు.